తిరిగి వస్తామన్న మాట



సంక్రాంతి పండుగ వెళ్ళిన రెండవ వారంలో ఒక శనివారం తెల్లవారుజామున, రాజమండ్రిలోని మా సంఘం నుండి పదకొండు మందిమి ఒక వ్యానులో వశిష్ఠ గోదావరి లంకల వైపు బయలుదేరాము. మాలో ఒక డాక్టరమ్మగారు, ఇద్దరు నర్సు సహోదరీలు, మందుల షాపు నడిపే ఒక సహోదరుడు, ఉద్యోగ విరమణ చేసిన ఒక హెడ్మాస్టరు గారు, స్త్రీల సమాజం నుండి ముగ్గురు, యౌవనస్థుల నుండి ముగ్గురు ఉన్నారు. వ్యాను వెనుక భాగమంతా మందుల అట్టపెట్టెలే. రెండు బి.పి. మిషన్లు, షుగరు చూసే పరికరాలు, ఒక సంచి నిండా దగ్గరచూపు కళ్ళజోళ్ళు కూడా పెట్టుకున్నాము. స్త్రీల సమాజం వారు రాత్రి మేలుకొని చేసిన పులిహోర పొట్లాలు మా కాళ్ళ దగ్గర ఉన్నాయి. పాదిరిగారు వ్యాను తలుపు పట్టుకొని ప్రార్థన చేసి పంపారు.

మేము వెళ్తున్నది కొత్త ఊరికి కాదు. సరిగ్గా ఏడాది క్రిందట అక్కడే ఇలాంటి వైద్య శిబిరం పెట్టాము. ఆ రోజు ఎంతో సంతోషంగా తిరిగి వచ్చాము. ఫొటోలు తీసుకున్నాము. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం కూడా చెప్పాము. ఈసారీ అలాగే జరుగుతుందనుకున్నాము. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ధవళేశ్వరం దగ్గర

మొదట ధవళేశ్వరంలో ఆగి టీ తాగాము. గోదావరి తల్లి ఇక్కడే గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా విడిపోతుంది. గౌతమి యానాం మీదుగా, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. వశిష్ఠ నుండి చీలిన వైనతేయ మధ్యలో ఇంకొక దారి చూసుకుంటుంది. ఈ పాయల మధ్యనున్నదే మన కోనసీమ.

ఈనాడు పచ్చగా కనిపించే ఈ నేల ఒకప్పుడు ఆకలి నేల. 1833 ప్రాంతంలో కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ ప్రజలను కుంగదీశాయి. నది నిండా నీరు పారుతున్నా పొలానికి చుక్క అందని రోజులవి. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి తరువాత కట్టినది. దానికీ ఆయన పేరే పెట్టారు. డెల్టా రైతులు ఈనాటికీ ఆయన విగ్రహానికి దండలు వేస్తారు.

మా హెడ్మాస్టరు గారు నీళ్ళ వైపు చూస్తూ ఒక మాటన్నారు. "ఆయన ఒకనాడు వచ్చి పొలంలో నాలుగు కడవల నీళ్ళు పోసి పోలేదు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఏటేటా నీళ్ళు వచ్చేలా కాలువ తవ్వించి వెళ్ళాడు." ఆ మాటను మేము అప్పుడు అంతగా పట్టించుకోలేదు.

దారిలో విన్న సంగతులు

వేమగిరి, కడియపులంక పూలతోటలు దాటి, జొన్నాడ వంతెన మీదుగా రావులపాలెం చేరాము. అక్కడి నుండి సిద్ధాంతం, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు. దారి పొడుగునా దాళ్వా నాట్లు వేస్తున్నారు. పెనుగొండ దాటిన తరువాత వరి తగ్గి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎక్కువ కనిపించాయి. హెడ్మాస్టరు గారు మన ప్రాంతంలో వైద్య పరిచర్య ఎలా మొదలైందో మా యౌవనస్థులకు చెబుతూ వచ్చారు. పాఠకులకు కూడా పనికివస్తుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

1836లో ఇంగ్లాండు నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు తమ భార్యలతో నెలల తరబడి ఓడ ప్రయాణం చేసి మన తీరానికి వచ్చారు. ఒకరిది రాతి పని, ఇంకొకరిది చెప్పులు కుట్టే పని. గొప్ప చదువులవారు కారు, వెనుక పెద్ద సంస్థ లేదు. నరసాపురంలో స్థిరపడి తెలుగు నేర్చుకున్నారు. బీర్ గారు 1853లోనూ, బౌడెన్ గారు 1876లోనూ కన్నుమూశారు. వారి పిల్లలు కూడా ఈ నేల మీదే ఆ పరిచర్యను కొనసాగించారు. అదే గోదావరి డెల్టా మిషను. తరువాతి కాలంలో కుష్ఠు రోగుల కోసం నరసాపురంలో బెతెస్ద ఆసుపత్రి వెలిసింది.

మన రాజమండ్రికి లూథరన్ మిషనరీలు 1845 ప్రాంతంలో వచ్చారు. ఫాదర్ హయ్యర్ గారు 1842లో గుంటూరు చేరి, మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం చదువుకొని, తిరిగి వచ్చారు. రాజమండ్రి పని చేయి జారిపోయేలా ఉందని తెలిసినప్పుడు, 1869లో, డెబ్బై ఆరేళ్ళు దాటిన వయస్సులో మూడోసారి ఓడ ఎక్కారు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో డాక్టర్ లిడియా వర్నర్ అమ్మగారు రాజమండ్రిలో స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేశారు. మగ డాక్టరు ముందుకు రాలేక ఇళ్ళలోనే ప్రాణాలు విడిచే స్త్రీలకు ఆడ డాక్టరు దొరకడం ఎంత మేలో ఊహించండి. పిఠాపురంలో, ఆకివీడులో, రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషను వారి సేవ జరిగింది. రామచంద్రపురంలో మిస్ హాచ్ అమ్మగారు, ఊరు వెలివేసిన కుష్ఠు రోగులకు ఒక ఆశ్రయం ఏర్పాటు చేశారు.

"అంతా దొరలే చేశారా మాస్టారూ?" అని మా కుర్రవాడు ఒకడు అడిగాడు.

"మందు కలిపింది, పుండు కడిగింది, రాత్రి మేలుకున్నది మన వాళ్ళే బాబూ. కాంపౌండర్లు, నర్సులు, బైబిలు స్త్రీలు. వారి పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు, అంతే" అన్నారాయన.

రేవు దాటి

నరసాపురంలో వ్యానుతో సహా పంటు ఎక్కాము. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవచ్చు గానీ, పంటు మీద పది నిమిషాలలో సఖినేటిపల్లి రేవులో దిగవచ్చు. వశిష్ఠ అక్కడ ఎంతో వెడల్పు. మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు, కొబ్బరికాయల ఆటోలు, బడికి వెళ్ళే పిల్లలు అందరూ ఒకే పంటు మీద. అవతలి గట్టున కొబ్బరి తోటలు మొదలయ్యాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు ఈ కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి. ఇప్పుడు కాపు కాస్తున్న చెట్లలో చాలా వరకు ఆ తరువాత నాటినవే. తుపానుకు ముందు పదేళ్ళ క్రిందట, 1986 ఆగస్టు వరదలో లంకలన్నీ మునిగిపోయాయి. ఇక్కడి పెద్దలు తమ పిల్లల వయస్సు చెప్పేటప్పుడు "వరదకి ముందు", "తుపానుకి తరవాత" అని చెబుతారు.

ఊరిలో చర్చి పక్కన కొబ్బరాకుల పందిరి వేసి ఉంచారు. తొమ్మిదింటికే జనం బారులు తీరారు. కీళ్ళ నొప్పులు, గజ్జి, కడుపులో మంట, రక్తం లేక పాలిపోయిన ఆడపిల్లలు. సాయంకాలానికి 160 మందిని చూచాము.

ఒక ముసలమ్మ ఏనుగు కాలంత వాచిన కాలుతో వచ్చి, "ఇది మా పూర్వులు చేసిన పాపం అంటారండి, నిజమేనా?" అని అడిగింది. డాక్టరమ్మగారు ఆమె కాలిని స్వయంగా కడిగి, వేళ్ళ సందులు తుడిచి చూపించారు. "పాపం కాదు మామ్మగారూ, దోమ. మురికి నీళ్ళలో పెరిగే దోమ కుట్టి, దారం లాంటి సన్నని పురుగును ఒంట్లోకి ఎక్కిస్తుంది. వాచిన కాలు పూర్తిగా మామూలు కాదు. కానీ రోజూ రెండు పూటలా సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుంటే, జ్వరం, పుండ్లు రాకుండా ఉంటాయి" అన్నారు. బోదకాలు నివారణకు ప్రభుత్వం ఇంటింటికీ మాత్రలు పంచినప్పుడు మనలో చాలామంది "మాకేం జబ్బు లేదు కదా" అని పారవేస్తారు. పాఠకులారా, దయచేసి అలా చేయకండి. జబ్బు పైకి కనిపించేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. ఆ మాత్రలు కనబడని దశలోనే పనిచేస్తాయి.

పాత చీటీ

మధ్యాహ్నం భోజనాలకు లేవబోతుండగా, నలభై అయిదేళ్ళ ఒక సహోదరి ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన చీటీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అది పోయిన ఏడాది మేమిచ్చిన చీటీ. మా చేతి రాతే. ఆమె భర్త పేరు, వయస్సు, బి.పి. 180/110 అని, దాని క్రింద ఒక మాత్ర పేరు, పదిహేను రోజులు అని ఉంది.

"ఆయన రాలేదా అమ్మా?" అని అడిగాము.

"రాలేరండి. మంచంలో ఉన్నారండి."

ఆమె చెప్పింది ఉన్నదున్నట్లు రాస్తున్నాము. "మీరిచ్చిన మాత్రలు పదిహేను రోజులూ తప్పకుండా వేసుకున్నారండి. తలనొప్పి పోయిందండి. అయిపోయాక, మళ్ళీ ఆ డాక్టరమ్మగారు వస్తారు కదా, అప్పుడు తెచ్చుకుందాంలే అన్నారండి. మేము కూడా మీ కోసం చూశామండి. వినాయక చవితి వెళ్ళాక ఒక తెల్లారి కాలూ చెయ్యీ పడిపోయాయండి. మాట కూడా సరిగ్గా రావట్లేదండి."

ఆయన దింపు కార్మికుడు. రోజూ కొబ్బరి చెట్లు ఎక్కి కాయలు దింపి ముగ్గురు పిల్లలను పోషించిన మనిషి. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు మరీ బరువైంది.

ఎవరమూ భోజనం ముట్టలేదు. ఆమె వెంట వాళ్ళ ఇంటికి వెళ్ళాము. డాక్టరమ్మగారు మంచం పక్కన నేల మీద కూర్చొని ఆయన చేయి పట్టుకున్నారు. బి.పి. ఇంకా ఎక్కువగానే ఉంది. ఆ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి పోయిన ఏడాది మా చీటీలో ఎక్కడా రాయలేదు. ఈ మాత్ర జీవితమంతా వాడాలని గట్టిగా చెప్పినట్లు కూడా మాకు గుర్తు లేదు. ఆ రోజు ఎంతమందిని చూచామో లెక్క రాసుకున్నాము గానీ, మేము వెళ్ళిపోయాక వారిని ఎవరు చూస్తారని ఆలోచించలేదు. ఇది ఎవరి మీదా పెట్టే తప్పు కాదు. మా తప్పే.

శిబిరానికి ఆ ఊరి ఆశా కార్యకర్త కూడా వచ్చింది. ఆమెతో ఈ సంగతి చెప్పగా, "పోయినేడు మీరొచ్చి వెళ్ళిన సంగతి మాకు మర్నాడు తెలిసిందండి. ముందు ఒక్క మాట చెప్పి ఉంటే, ఎవరెవరికి బి.పి. ఉందో నేనే రాసుకొని నెలనెలా చూసేదాన్నండి" అంది. మేము తల వంచుకున్నాము.

డాక్టరమ్మగారు ఆ రోజు పందిరిలో అందరికీ చెప్పిన మాటలు మీ ఇంటికీ అవసరమే. బి.పి.కి నొప్పి ఉండదు. తలనొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. డాక్టరు చెప్పకుండా మాత్ర మానకూడదు. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతమే అనుకోండి. నాటు వైద్యానికి, పసరు మందుకు పరుగెత్తకండి. వెంటనే 108కి ఫోను చేయండి. నాలుగున్నర గంటలలోపు తగిన ఆసుపత్రికి చేరితే, మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను ఇవ్వడానికి వీలుంటుంది. ఆ తరువాత ప్రతి గంటా నష్టమే.

లేసు అల్లే మామ్మగారు

ఆ సాయంకాలమే ఇంకొక పాఠం నేర్చుకున్నాము. ఆ ఊరిలో తండ్రి లేని ఇద్దరు పిల్లలు ఉన్నారని పోయిన ఏడాదే విన్నాము. తండ్రి వేటకు వెళ్ళి సముద్రంలో చనిపోయాడు. తల్లి అప్పులు తీర్చడానికి ఇంటి పని కోసం కువైటు వెళ్ళింది. మన జిల్లాలలో ఎన్ని ఇళ్ళలో ఈ కథ ఉందో పాఠకులకు తెలుసు. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆడపిల్లకు పదకొండేళ్ళు, మగపిల్లవాడికి ఎనిమిది. వాళ్ళను పట్నంలో ఏదైనా అనాథాశ్రమంలో చేర్పిద్దామని మాలో కొందరం ముందుగానే అనుకొని, ఆ అమ్మమ్మతో మాట్లాడాము.

ఆమె అరుగు మీద కూర్చొని లేసు అల్లుతోంది. నరసాపురం లేసు గురించి మీరు వినే ఉంటారు. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకు నేర్పిన పని అది. ఇప్పుడు దేశదేశాలకు వెళ్తుంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లే చేతులకు దక్కే కూలి మాత్రం ఈనాటికీ కొంచెమే. మామ్మగారు దారాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకొని, వేలితో తడుముకుంటూ అల్లుతోంది.

మేము చెప్పినదంతా విని ఆమె ఇలా అంది. "మీ మంచి మనసుకి దండాలండి. కానీ పిల్లలు అనాథలేంటండి? నేను లేనా? పిల్లలు నాకు బరువు కాదండి. నాకు చూపు ఆనట్లేదు, అదీ బరువు. కళ్ళు కనబడితే ఇద్దర్నీ నేనే చదివించుకుంటానండి."

ఆ పిల్ల అమ్మమ్మ భుజం మీద చేయి వేసి మా వైపు భయంగా చూసింది. ఆ చూపుతో మా నోట మాట ఆగిపోయింది. డాక్టరమ్మగారు లేచి టార్చి వేసి చూచారు. రెండు కళ్ళకూ శుక్లాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషను చేస్తారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి ఒక తోడు, ఆ రెండు రోజులు పిల్లలను చూచుకోవడానికి ఒక ఇల్లు, ఇవే కావలసినవి.

మిషను బోర్డింగులలో పెరిగి పైకి వచ్చినవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ఆ మేలును మేము మరచిపోవడం లేదు. నిజంగా ఎవరూ లేని బిడ్డకు ఆశ్రమం ఈనాటికీ అవసరమే. అయితే కుటుంబం ఉండి, పేదరికం ఒక్కటే అడ్డమైనప్పుడు, ముందు ఆ కుటుంబాన్ని నిలబెట్టాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా, పిల్లలను సంస్థలో ఉంచడం అన్నిటికంటె చివరి మార్గం కావాలని చెబుతోంది. అనుమతి లేని ఆశ్రమంలో పిల్లలను చేర్చడం, మనకు తెలిసినవారిదే అయినా, తప్పు. తండ్రి చనిపోయిన పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం క్రింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. అర్హత సంగతి జిల్లా బాలల సంరక్షణ విభాగం వారు తేలుస్తారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోను చేయవచ్చు. ఈ సంగతులు మాకే తెలియవు. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు చెబితే తెలిసింది.

తిరుగు ప్రయాణం

ఆ రాత్రి పంటు మీద ఎవరమూ పాటలు పాడలేదు. చివరికి నర్సు సహోదరి ఒకామె అంది: "మంచి సమరయుడి సంగతి మనం ఎన్నిసార్లు చెప్పుకోలేదు! నూనె పోసి గాయాలు కట్టాడని చెబుతాం. పూటకూళ్ళవాడికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చిన సంగతి మరచిపోతాం."

నిజమే. ఆ సమరయుడు గాయపడినవాణ్ణి దారిలోనే వదలి వెళ్ళలేదు. చూచుకునే మనిషికి అప్పగించాడు. తాను తిరిగి వస్తానన్నాడు. మేము కట్టు కట్టడం వరకే చేశాము. అప్పుడు మాకు ధవళేశ్వరం దగ్గర మాస్టారు అన్న కాలువ మాట గుర్తుకు వచ్చింది. బౌడెన్, బీర్ గార్ల దగ్గర మాకున్నన్ని మందులు లేవు. కానీ వారు ఇక్కడ ఉండిపోయారు. మనందరం అలా ఉండిపోలేము, ఉద్యోగాలు, పిల్లలు ఉన్నారు. తిరిగి రావడం మాత్రం మన చేతిలో పనే.

మరుసటి వారం సంఘంలో ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పాము. ఈసారి ఫొటోలు చూపించలేదు. అందరం కలసి కొన్ని నిర్ణయాలు చేసుకున్నాము. ఏటా కొత్త ఊరు వెదకడం మాని, ఈ ఒక్క ఊరినే పట్టుకోవాలి. ప్రతి నెల మొదటి శనివారం ఇద్దరు, అవసరమైతే బస్సులో అయినా, వెళ్ళి రావాలి. వెళ్ళే ముందు ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రానికి కబురు చేయాలి. ప్రతి చీటీ మీద మందు పేరుతో పాటు, మందు అయిపోతే ఎక్కడ దొరుకుతుందో, మేము మళ్ళీ ఏ తేదీన వస్తామో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి.

ఇది రాసే నాటికి మూడుసార్లు వెళ్ళి వచ్చాము. దింపు కార్మికుడైన ఆ సహోదరుడు ఇప్పుడు కర్ర పట్టుకొని అరుగు దాకా నడుస్తున్నారు. చెట్టు మళ్ళీ ఎక్కలేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. బి.పి. అదుపులో ఉంది. మాత్రలు ఆయన భార్యే నెలనెలా ఆరోగ్య కేంద్రం నుండి తెచ్చుకుంటోంది. మామ్మగారికి ఒక కంటికి ఆపరేషను అయింది, రెండవది వర్షాలకు ముందే చేయించాలి. పిల్లల దరఖాస్తు జిల్లా కార్యాలయంలో ఉంది. మన ప్రభురాత్రి భోజనపు బల్లకు ఒక లేసు గుడ్డ అల్లమని స్త్రీల సమాజం వారు ఆమెకు చెప్పి, మధ్యవర్తి లేకుండా పూర్తి వెల ముందుగానే ఇచ్చారు.

మొన్న వెళ్ళినప్పుడు ఆమె గుడ్డ అంచు విప్పి చూపించింది. అల్లిక సన్నగా, వరుస తప్పకుండా ఉంది. మేము లేచి బయలుదేరుతుంటే, "వచ్చే నెల కూడా వస్తారాండి?" అని అడిగింది.

వస్తామన్నాము. తేదీ చీటీ మీద రాసి ఆమె మనుమరాలి చేతికిచ్చాము. ఆ పిల్ల దాన్ని గట్టిగా చదివి, గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది.